జపాన్ లొంగాక మలయాకు దొరలు మళ్లీ ఎలా వచ్చారు: తరచుగా అడిగే ప్రశ్నలు

మలయా మాట వచ్చినప్పుడల్లా అవే డౌట్లు తిరిగి తిరిగి వస్తుంటాయి. తాతలో ముత్తాతలో రబ్బరు తోటలకి వెళ్లిన ఇళ్లవాళ్లయితే మరీనూ. మలయా అంటే ఇప్పటి మలేషియాలోని ద్వీపకల్ప భాగం. అక్కడి బ్రిటిష్ దొరల్ని 1942లో జపాన్ వెళ్లగొట్టింది. 1945 ఆగస్టులో జపాన్ ఓడిపోయిందని అందరికీ తెలుసు. ఆ మర్నాటి నుంచి మలయాలో ఏం జరిగిందో మాత్రం మన పుస్తకాల్లో పెద్దగా ఉండదు. అందుకే ఒకచోట రాసిపెట్టాను. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా ఇబ్బంది లేదు.

## యుద్ధం నడుస్తుండగా

ఓడిపోయి పారిపోయినవాళ్లు మళ్లీ పాలించడానికి ప్లాన్ ఎప్పుడు మొదలెట్టారు?

సింగపూర్ 1942 ఫిబ్రవరి 15న జపాన్ చేతికి చిక్కింది. మరుసటి ఏడాదే, 1943 జూలైలో, లండన్‌లో మలయన్ ప్లానింగ్ యూనిట్ అని ఒక ఆఫీసు తెరిచారు. యుద్ధ శాఖ కింద నడిచే ఈ ఆఫీసుకి పెద్ద రాల్ఫ్ హోన్ అనే సైనికాధికారి. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, దేశం మొత్తం శత్రువు చేతిలో ఉండగానే ఏ జిల్లాకి ఏ అధికారి, ఎన్ని బస్తాల బియ్యం, ఏ నోట్లు చెల్లుతాయి, పోలీసుల్లో ఎవర్ని ఉంచాలి అన్నీ రాసుకున్నారు. రాజకీయ భాగాన్ని వలసల శాఖలో ఎడ్వర్డ్ జెంట్ అనే అధికారి నడిపించాడు. 1944 మే చివర్లో యుద్ధ మంత్రివర్గం దానికి ఆమోదం తెలిపింది.

ఆ ప్లాన్ వేసేటప్పుడు మలయావాళ్లని ఒక్కరినైనా అడిగారా?

దాదాపు లేదనే చెప్పాలి. సుల్తానులు, మలయ్ (అక్కడి స్థానిక జాతి) నాయకులు అందరూ జపాన్ పాలనలో చిక్కుకుని ఉన్నారు. మలయా సంగతి బాగా తెలిసిన బ్రిటిష్ అధికారుల్లో చాలామంది కూడా సింగపూర్‌లో ఖైదులోనే ఉన్నారు. హోన్ అంతకుముందు ఆఫ్రికాలో, ఉగాండాలో అటార్నీ జనరల్‌గా పనిచేసినవాడు.

బయట ఉండి గొంతు వినిపించగలిగినవాళ్లలో చెప్పుకోదగ్గ పేరు టాన్ చెంగ్ లాక్, మలక్కా చైనీయుల నాయకుడు. యుద్ధకాలమంతా ఆయన తలదాచుకున్నది ఎక్కడో కాదు, మన బెంగళూరులో. అక్కడి నుంచే వలసల శాఖకి వినతిపత్రాలు పంపాడు: పుట్టుకతో సంబంధం లేకుండా మలయాని సొంత ఊరనుకునే అందరికీ సమాన హక్కులు ఇవ్వాలని. లండన్ ఆలోచన కూడా అటువైపే మొగ్గుతోంది. కానీ మలయ్‌లు ఏమనుకుంటున్నారో చెప్పేవాడు ఆ గదిలో లేడు. ఆ తర్వాత వచ్చిన గొడవలన్నిటికీ మూలం ఇదేనని నా అభిప్రాయం.

పాత పద్ధతే మళ్లీ పెట్టుకోవచ్చు కదా, కొత్తగా మలయన్ యూనియన్ ఎందుకు?

పాత పద్ధతి ఒక అతుకుల బొంత. సింగపూర్, పెనాంగ్, మలక్కా నేరుగా బ్రిటిష్ పాలనలో ఉండేవి. పెరాక్, సెలంగోర్, నెగెరి సెంబిలన్, పహాంగ్ కలిసి ఒక సమాఖ్య. జొహోర్, కెడా, కెలంతన్, తెరెంగాను, పెర్లిస్ ఎవరికి వారే. పేరుకి సుల్తానుది రాజ్యం, పక్కన సలహాదారుగా ఒక బ్రిటిష్ అధికారి. హైదరాబాదులో నిజాం, రెసిడెంటు ఏర్పాటు తెలిసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది.

డెబ్బై రోజుల్లో మలయా మొత్తం కూలిపోయేసరికి, ఇన్ని ముక్కలుగా ఉండటం కూడా ఒక కారణమని లండన్‌లో లెక్కేసుకున్నారు. చైనీయులకి, భారతీయులకి ఈ దేశం మాది అనే భావన లేకుండా పోయిందనీ అనుకున్నారు. అసలు లెక్క ఇంకొకటుంది. మలయా రబ్బరు, తగరం అమెరికాకి అమ్మితే డాలర్లు వస్తాయి. యుద్ధంతో అప్పులపాలైన బ్రిటన్‌కి ఆ డాలర్లు ప్రాణవాయువు. అందుకే సింగపూర్‌ని విడిగా ఉంచి మిగతా అన్నిటినీ ఒకే ప్రభుత్వం కింద కలిపి, అందరికీ ఒకే పౌరసత్వం ఇవ్వాలనుకున్నారు. దాని పేరే మలయన్ యూనియన్. సుల్తానుల సార్వభౌమత్వం బ్రిటిష్ రాజుకి వెళ్లిపోతుంది. లండన్‌లో ఇది చిన్న విషయంగా కనిపించింది.

అట్లాంటిక్ చార్టర్‌లో ప్రజలే తమ ప్రభుత్వాన్ని ఎంచుకోవచ్చని మాట ఇచ్చారు కదా?

ఇచ్చారు. 1941 ఆగస్టులో రూజ్‌వెల్ట్, చర్చిల్ కలిసి ప్రకటించారు. నెల తిరక్కముందే చర్చిల్ పార్లమెంటులో ఆ మాట నాజీల కింద నలిగిపోతున్న యూరప్ దేశాల గురించేనని అన్నాడు. బ్రిటిష్ సామ్రాజ్యం సంగతి వేరు అని దానర్థం. 1942 నవంబరులో ఇంకా సూటిగా, సామ్రాజ్యాన్ని మూసేసే పనికి తాను ప్రధానిని కాలేదని చెప్పేశాడు. అమెరికా ఒత్తిడి ఉంది కాబట్టి 1943 జూలైలో వలసల మంత్రి ఆలివర్ స్టాన్లీ ఒక మధ్యేమార్గం చెప్పాడు: సామ్రాజ్యం లోపలే స్వపరిపాలన వైపు నడిపిస్తాం. ఎప్పటికి అన్నది చెప్పలేదు. మౌంట్‌బాటన్ నడిపిన ఆగ్నేయాసియా కమాండ్ ఇంగ్లిష్ పొట్టి పేరు ఎస్ఈఏసీకి అమెరికన్ సైనికులు ‘ఇంగ్లండ్ ఆసియా వలసల్ని కాపాడే కమాండ్’ అని వెటకారంగా అర్థం చెప్పుకునేవారట. పూర్తిగా తప్పని అనలేం.

కమ్యూనిస్టు గెరిల్లాలకి తుపాకులిచ్చింది బ్రిటిష్‌వాళ్లేనా?

అవును. అడవుల్లో జపాన్‌తో నిజంగా పోరాడుతున్నది ఎక్కువగా చైనీయులతో కూడిన మలయన్ ప్రజల జపాన్ వ్యతిరేక సైన్యం. దాన్ని నడిపింది కమ్యూనిస్టు పార్టీ. ఫోర్స్ 136 అనే బ్రిటిష్ రహస్య దళం తరఫున జాన్ డేవిస్, రిచర్డ్ బ్రూమ్ అడవిలోకి వెళ్లి ఒప్పందం కుదుర్చుకున్నారు. ఆయుధాలు, డబ్బు, మందులు మేమిస్తాం, మా సైన్యం దిగినప్పుడు మీరు మా మాట వినాలి అని. యుద్ధం తర్వాత సంగతి కావాలనే ఎత్తలేదు.

ఇందులో సినిమాని మించిన మలుపు ఒకటుంది. గెరిల్లాల తరఫున చర్చల్లో కూర్చున్న పార్టీ అగ్రనేత లాయ్ టెక్, యుద్ధానికి ముందు బ్రిటిష్ గూఢచారి, యుద్ధంలో జపాన్ గూఢచారి. 1947లో గుట్టు బయటపడుతుండగా పార్టీ డబ్బుతో పరారయ్యాడు.

## లొంగుబాటు రోజుల్లో

జపాన్ లొంగింది ఆగస్టు 15న, సింగపూర్‌లో సంతకాలు సెప్టెంబరు 12న. మధ్యలో నెల రోజులు పాలించిందెవరు?

ఊరిని బట్టి జవాబు మారుతుంది. జపాన్ లొంగుబాటు తీసుకోవడానికి మిత్రరాజ్యాలు నియమించిన అమెరికన్ సేనాధిపతి మెకార్థర్, టోక్యో తీరంలో తన ముందు సంతకాలు పడేదాకా ఎవరూ ఎక్కడా దిగి లొంగుబాటు తీసుకోకూడదని ఆర్డరేశాడు. అది జరిగింది సెప్టెంబరు 2న. పెనాంగ్‌లో బ్రిటిష్ మెరైన్లు దిగింది 3న, సింగపూర్‌లో ఐదో ఇండియన్ డివిజన్ దిగింది 5న. లోపలి ఊళ్లకి వెళ్లడానికి ఇంకా రోజులు పట్టింది.

ఆ ఖాళీలో జపాన్ సైన్యం పెద్ద పట్నాలకి, బారకాసులకి సర్దుకుంది. చిన్న ఊళ్లలోకి గెరిల్లాలు దిగారు. పోలీసు స్టేషన్లు పట్టుకున్నారు, జపాన్‌కి తొత్తులుగా పనిచేశారన్న వాళ్లని బహిరంగంగా విచారించి చంపారు. గెరిల్లాలు ఎక్కువగా చైనీయులు, పోలీసులు ఎక్కువగా మలయ్‌లు. దాంతో ఇది కాస్తా జాతుల గొడవైపోయింది. జొహోర్‌లోని బాటు పహాట్ చుట్టుపక్కల లొంగుబాటుకి ముందే మొదలైన చంపుకోవడాలు ఈ రోజుల్లో ఇంకా ముదిరాయి. లండన్ ప్లాన్‌లో ఈ మూడు నాలుగు వారాలకి ఒక్క పేజీ లేదు. ఎందుకంటే, ఊరూరా పోరాడి గెలుచుకుంటూ వెళ్తామని, వెనకాలే పాలన వస్తుందని వాళ్ల లెక్క.

యుద్ధం అయిపోయాక కూడా జిప్పర్ దండయాత్ర ఎందుకు చేశారు?

జిప్పర్ అంటే మలయాని జపాన్ నుంచి మళ్లీ గెలుచుకోవడానికి వేసిన దాడి పథకం. అప్పటికే ఓడలకి సామాను ఎక్కించేశారు, ఆర్డర్లు అచ్చేశారు. ఇప్పుడు మార్చడం కష్టమని అలాగే దింపేశారు. 1945 సెప్టెంబరు 9న మోరిబ్, పోర్ట్ డిక్సన్ దగ్గర ఇండియన్ దళాలు తీరం మీదకి దిగాయి. మోరిబ్‌లో ఇసుక పైకి గట్టిగా కనిపించినా కింద మెత్తటి బురద. జీపులు, లారీలు చక్రాలు మునిగిపోయి కదలకుండా నిలబడ్డాయి. కొన్ని నీళ్లలోనే ఉండిపోయాయి. వెనకనుంచి ఇంకా బండ్లు వస్తూనే ఉన్నాయి. ఎదురుగా జపాన్ సైన్యం కాల్పులు జరుపుతూ ఉంటే ఏమై ఉండేదో తలుచుకుంటేనే భయమేస్తుంది.

ఆ ఖాళీలోనే మలయా స్వతంత్రం ప్రకటించుకోవచ్చు కదా, ఇండోనేషియాలా?

ప్రయత్నం జరిగింది. ఇబ్రహీం యాకూబ్ అనే మలయ్ జాతీయవాది ఇండోనేషియాతో కలిసి స్వతంత్రం తెచ్చుకోవాలనుకున్నాడు. ఆగస్టు రెండో వారంలో ఇండోనేషియా నాయకులు సుకర్నో, హట్టా వియత్నాంలో జపాన్ సేనాధిపతిని కలిసి తిరిగి వెళ్తూ పెరాక్‌లోని తైపింగ్‌లో ఆగారు. అక్కడ ఇబ్రహీం వాళ్లని కలిశాడు. వారం తిరక్కుండా జపాన్ లొంగిపోయింది. ఆగస్టు 17న సుకర్నో జకార్తాలో స్వతంత్రం ప్రకటించాడు, మలయా అందులో లేదు. ఇబ్రహీం జకార్తా వెళ్లిపోయాడు.

బలం ఉన్నది గెరిల్లాలకే. కానీ లాయ్ టెక్ నాయకత్వంలోని పార్టీ బ్రిటిష్‌వాళ్లతో సహకరించాలనే నిర్ణయించింది. ఆ నిర్ణయం ఎంతవరకు పార్టీది, ఎంతవరకు గూఢచారిది అని కమ్యూనిస్టులు తర్వాత చాలా ఏళ్లు తలపట్టుకున్నారు.

## మిలిటరీ పాలనలో

బ్రిటిష్ మిలిటరీ అడ్మినిస్ట్రేషన్‌ని జనం ఎందుకంత తిట్టుకున్నారు?

సెప్టెంబరు 1945 నుంచి 1946 మార్చి 31 దాకా మలయాని పాలించింది ఈ సైనిక ప్రభుత్వమే. దాని పొట్టి పేరు బీఎంఏ. జనం దాన్ని ‘బ్లాక్ మార్కెట్ అడ్మినిస్ట్రేషన్’ అని విడదీసి చదువుకున్నారు. మలయా తినే బియ్యంలో సగానికి పైగా బయటి నుంచి, ముఖ్యంగా సయాం (ఇప్పటి థాయ్‌లాండ్), బర్మాల నుంచి వచ్చేది. బర్మాయే బూడిదై ఉంది. జపాన్ కాలంలో కర్రపెండలం తిని బతికిన జనం, దొరలొచ్చారు కదా ఇక అన్నం దొరుకుతుందనుకున్నారు. రేషన్ బియ్యం చాలలేదు, మిగతాది నల్లబజారులో కొనాల్సిందే. సరుకు గోడౌన్ల నుంచి మాయమయ్యేది, అందులో అధికారుల చేయి కూడా ఉండేది. జీతాలు మాత్రం పాత లెక్కలోనే. 1945 చివరికల్లా రేవు కార్మికుల సమ్మెలు మొదలయ్యాయి. 1946 ఫిబ్రవరి 15న, సింగపూర్ పతనమైన రోజునే ఊరేగింపులు తీస్తామంటే ప్రభుత్వం వద్దంది. గుమిగూడిన జనం మీద కాల్పులు జరిగాయి.

మా తాత పెట్టెలో అరటిచెట్టు బొమ్మ ఉన్న పది డాలర్ల నోట్లు దొరికాయి. వీటికి విలువ ఉందా?

సేకరించేవాళ్ల దగ్గర ఏదో కొంచెం ఉంటుందేమో గానీ, డబ్బుగా 1945లోనే చచ్చిపోయాయి. ఒక నోటు తీసి చూడండి. గెలతో ఉన్న అరటిచెట్టు, జపాన్ ప్రభుత్వం అడిగిన వెంటనే చెల్లిస్తానని ఇంగ్లిష్‌లో హామీ, పక్కన ఎం అనే అక్షరంతో మొదలయ్యే ముద్ర. ఎం అంటే మలయా. చాలా నోట్ల మీద వరస నంబరే ఉండదు. అంటే ఎన్ని అచ్చేశారో లెక్క కూడా లేదు. చివర్లో సంచి నిండా నోట్లు తీసుకెళ్తే చేతినిండా సరుకు వచ్చేది కాదు.

బ్రిటిష్‌వాళ్లు రాగానే ఇవి చెల్లవన్నారు. మార్పిడి లేదు, పరిహారం లేదు. మూడున్నరేళ్ల కూలి చిత్తుకాగితమైంది. బదులుగా తెచ్చిన నోట్ల మీద ఆరో జార్జి బొమ్మ, 1941 జూలై 1 అని తేదీ ఉన్నాయి. జపాన్ రావడానికి ముందు తేదీ అది! మధ్యలో ఏమీ జరగలేదన్నట్టు. దొరలు మనసులో ఏమనుకుంటున్నారో ఆ తేదీ చూస్తే చాలు.

రబ్బరు తోటల్లోని మన తెలుగువాళ్ల సంగతేమైంది?

మలయా భారతీయుల్లో తమిళులు చాలా ఎక్కువ. తెలుగువాళ్లు ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి కంగాణీల (కూలీల్ని పోగుచేసి తీసుకెళ్లే మేస్త్రీల) వెంట వెళ్లారు. దిగువ పెరాక్‌లో బగాన్ దాతో చుట్టుపక్కల కొబ్బరి తోటల్లో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. యుద్ధంలో తోటలు మూతపడ్డాయి. జపాన్‌వాళ్లు కూలీల్ని సయాం-బర్మా రైలు మార్గానికి తీసుకుపోయారు. 415 కిలోమీటర్ల ఆ దారిలో చనిపోయిన ఆసియా కూలీలు సుమారు 90 వేలని అంచనా. మలయా తోటల నుంచి వెళ్లిన తమిళులు, తెలుగువాళ్లు అందులో ఉన్నారు. యుద్ధఖైదీలకి అక్కడ వరసగా సమాధులున్నాయి, పేర్లున్నాయి. కూలీలకి చాలావరకు పేరు కూడా మిగల్లేదు.

తిరిగొచ్చిన తోటల యజమానులకి రబ్బరు వెంటనే కావాలి. నైపుణ్యం లేని కూలీల్ని మలయా పంపడం 1938లోనే భారత ప్రభుత్వం ఆపేసింది కాబట్టి కొత్తవాళ్లు రారు. బతికి బయటపడ్డవాళ్లే గీయాలి. అయినా కూలి పెంచడానికి చేయి రాలేదు. 1946-47లో కెడా తోటల్లో భారతీయ కూలీలు కూలి గురించి, కల్లు దుకాణాలకి వ్యతిరేకంగా లేచినప్పుడు పోలీసుల్ని దింపారు.

ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరిన మలయా భారతీయుల్ని ఏం చేశారు?

తోట కూలీలు వేలల్లో చేరారు, ఆడపిల్లలతో ఝాన్సీ రాణి దళం కూడా అక్కడే తయారైంది. అందర్నీ శిక్షించడం కుదరదు కాబట్టి సాధారణ జనాన్ని చాలావరకు వదిలేసి, సైనికాధికారుల్ని విచారణకి ఇండియా పంపారు. ఒక పని మాత్రం వెంటనే చేశారు. సింగపూర్ సముద్రపు ఒడ్డున 1945 జూలైలో బోస్ శంకుస్థాపన చేసిన ఫౌజ్ స్మారకాన్ని, సెప్టెంబరులో దిగగానే పేల్చేశారు. 1946 మార్చిలో నెహ్రూ సింగపూర్ వచ్చినప్పుడు, అక్కడ బహిరంగంగా పూలు పెట్టొద్దని మౌంట్‌బాటన్ అడిగితే ఆయన ఒప్పుకున్నాడు.

## అదే సమయంలో చుట్టుపక్కల

డచ్చివాళ్ల కోసం, ఫ్రెంచివాళ్ల కోసం మన సిపాయిలు ఎందుకు పోరాడాల్సి వచ్చింది?

పోట్స్‌డామ్ సమావేశంలో జావా, దక్షిణ వియత్నాం బాధ్యత కూడా మౌంట్‌బాటన్ నెత్తిన పెట్టారు. ఆయన దగ్గరున్న సైన్యంలో ఎక్కువమంది భారతీయులు. సైగాన్‌కి జనరల్ గ్రేసీ ఇరవయ్యో ఇండియన్ డివిజన్‌తో వెళ్లాడు. సెప్టెంబరు 23న ఫ్రెంచివాళ్లు ఊరిని లాక్కోవడానికి వీలు కల్పించాడు. సైనికులు చాలక, లొంగిపోయిన జపాన్ దళాలకే తుపాకులిచ్చి కాపలా పెట్టాడు. జావాలో సురబయ పట్నంలో అక్టోబరు 30న బ్రిగేడియర్ మాలబీ చనిపోయాడు, నవంబరు 10న పెద్ద యుద్ధమే జరిగింది. తన దేశానికే స్వతంత్రం లేని సిపాయి ఇంకొకరి స్వతంత్రాన్ని అణచాల్సి రావడం నెహ్రూకి మింగుడుపడలేదు, బహిరంగంగానే నిరసన చెప్పాడు.

మా ముత్తాత రంగంలో ఉండేవాడు. బర్మాలో కూడా ఇలాగే జరిగిందా?

రంగం అంటే రంగూన్. కోరంగి రేవు నుంచి వెళ్లిన తెలుగు కూలీలు అక్కడి రేవుని మోశారు. 1942లో లక్షలమంది కొండలు దాటి నడిచి పారిపోయారు. బర్మా గవర్నర్ డోర్మన్-స్మిత్ కూడా సిమ్లాకి వచ్చి, అక్కడే కూర్చుని తిరిగి వెళ్లే ప్లాన్లు వేశాడు. 1945 మే నాటి శ్వేతపత్రం ప్రకారం మూడేళ్లు గవర్నర్ నేరుగా పాలిస్తాడు, స్వపరిపాలన ఆ తర్వాత. కానీ అప్పటికే 1945 మార్చిలో ఆంగ్ సాన్ తన సైన్యాన్ని జపాన్ మీదకి తిప్పి జనంలో హీరో అయ్యాడు. అక్టోబరులో డోర్మన్-స్మిత్ తిరిగొచ్చేసరికి ఆయన మాట వినేవాడు లేడు. ఏడాది తిరక్కుండా ఆయన స్థానంలో ర్యాన్స్ వచ్చాడు. 1948 జనవరి 4న బర్మా కామన్వెల్త్‌లో కూడా ఉండకుండా వెళ్లిపోయింది. పారిపోయి వచ్చిన మనవాళ్లు తిరిగి వెళ్లాలంటే 1947 చట్టంతో పర్మిట్ తప్పనిసరైంది. చాలామంది ఇక వెళ్లనేలేదు.

## ప్లాన్ బెడిసికొట్టాక

మలయన్ యూనియన్‌కి ఒప్పుకుంటూ సుల్తానులే సంతకాలు పెట్టారు కదా, మరి ఎదురు తిరగడమేంటి?

సంతకాలు ఎలా పెట్టించారో చూడాలి. 1945 అక్టోబరులో లండన్ పంపిన ప్రతినిధి హారొల్డ్ మెక్‌మైకేల్ వచ్చి, డిసెంబరుకల్లా తొమ్మిదిమంది సుల్తానుల చేతా సంతకాలు పెట్టించాడు. జపాన్ కాలంలో గద్దె మీదున్న ప్రతి సుల్తానుకీ ఇప్పుడు బ్రిటిష్ గుర్తింపు కావాలి. సెలంగోర్‌లో జపాన్‌వాళ్లు కూర్చోబెట్టిన సుల్తాన్ మూసాని అప్పటికే దింపేసి దూరంగా కోకోస్ దీవులకి పంపేశారు. అది చూశాక కాదనే ధైర్యం ఎవరికుంటుంది? ఆలోచించుకోవడానికి టైమ్ ఇవ్వలేదని కెడా సుల్తాన్ తర్వాత వాపోయాడు.

1946 జనవరిలో శ్వేతపత్రం బయటపడగానే మలయ్‌లు భగ్గుమన్నారు. మార్చిలో కౌలాలంపూర్‌లో మహాసభ పెట్టారు. ఏప్రిల్ 1న జెంట్ గవర్నరుగా ప్రమాణం చేసే సభకి సుల్తానులు కౌలాలంపూర్ దాకా వచ్చారు, స్టేషన్ హోటల్లో దిగారు. మలయ్ నాయకుడు ఓన్ జాఫర్ వెళ్లి, జనం మీరు వెళ్లొద్దంటున్నారని చెప్పాడు. వాళ్లు గది దాటి బయటికి రాలేదు. సభలో వాళ్ల కుర్చీలు ఖాళీ. మలయ్ మగవాళ్లు వారం రోజులు టోపీకి తెల్లగుడ్డ చుట్టుకుని తిరిగారు. అది చావు గుర్తు.

మలయన్ యూనియన్ నిలబడి ఉంటే భారతీయులకి మేలు జరిగేదా?

కాగితం మీద జరిగేది. మలయాలోనో సింగపూర్‌లోనో పుట్టినవాళ్లకీ, 1942 ఫిబ్రవరి 15కి ముందు 15 ఏళ్లలో 10 ఏళ్లు అక్కడ ఉన్నవాళ్లకీ పౌరసత్వం ఇస్తామన్నారు. తోటల్లో తరాలుగా ఉన్నవాళ్లకి ఇది మంచి బేరమే. కానీ అప్పుడు అందరి కళ్లూ ఇండియా మీదే. మలయా పౌరుడైతే ఇండియా వదులుకోవాలేమోనన్న భయం ఉండేది. గట్టిగా పట్టుబట్టినవాళ్లు లేరు, వద్దన్నవాళ్లు మాత్రం వీధుల్లో ఉన్నారు. 1948 ఫిబ్రవరి 1న యూనియన్ పోయి ఫెడరేషన్ వచ్చింది, సుల్తానుల సార్వభౌమత్వం తిరిగొచ్చింది, పౌరసత్వం నిబంధనలు బిగిశాయి. తోట కూలీకి ఆ తేడా ఏళ్లు గడిచాక, కాగితాలు అడిగినప్పుడు తెలిసింది.

1948 ఎమర్జెన్సీకి, ఈ ప్లాన్‌కి సంబంధం ఉందా?

ఉంది. 1945 డిసెంబరులో గెరిల్లా సైన్యాన్ని రద్దు చేసి, తుపాకి అప్పగించిన ఒక్కొక్కరికి 350 డాలర్లు ఇచ్చి పంపారు. ఇచ్చినవాటికన్నా ఎక్కువ తుపాకులే తిరిగొచ్చాయి, అయినా ఇంకా చాలా అడవిలోనే పాతిపెట్టి ఉంచారు. ప్లాన్‌లో చైనీయులకి చూపించిన సమాన పౌరసత్వం కుదించుకుపోయింది, కార్మిక సంఘాల మీద ఆంక్షలు పెరిగాయి. 1948 జూన్‌లో కమ్యూనిస్టులు తోట మేనేజర్లని చంపడంతో ప్రభుత్వం ఎమర్జెన్సీ పెట్టి వాళ్లతో పోరుకి దిగింది. అది 1957లో స్వతంత్రం వచ్చాక కూడా నడిచి 1960లో ముగిసింది.

యుద్ధంలో డేవిస్‌తో కలిసి పనిచేసినందుకు బ్రిటిష్‌వాళ్లు చిన్ పెంగ్ అనే కుర్రాడికి ఓబీఈ బిరుదు ఇచ్చారు. లాయ్ టెక్ పారిపోయాక పార్టీ నాయకుడైంది అతనే. తర్వాత బిరుదు లాగేసుకుని, అతని తలకి 2,50,000 డాలర్ల వెల కట్టారు. పట్టుకోలేకపోయారు. 2013లో బ్యాంకాక్‌లో చనిపోయాడు. బూడిద కూడా మలేషియాలోకి తేవడానికి వీల్లేదని అక్కడి ప్రభుత్వం చెప్పింది.